లెక్కల్లో డాక్టరేటు... కదలికల్లో పాఠం

నాట్యం నేర్పే గురువులంటే పసితనం నుంచీ సాధన చేసినవాళ్లే అనుకుంటాం. హంగరీకి చెందిన వాలేరియా డియెనెష్ కథ వేరు. ఒంటిని కదిలించడంలో ఓనమాలు దిద్దుకునేసరికి ఆవిడ వయసు ముప్ఫై! అప్పటికే తత్త్వశాస్త్రం, గణితం, సౌందర్యశాస్త్రం చదివి 1905లో డాక్టరేటు పుచ్చుకున్నారు. అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు తెరిచి అప్పటికి పదేళ్లే.

1879లో పుట్టిన వాలేరియా 1908లో పారిస్ వెళ్లింది నాట్యం కోసం కాదు, తత్త్వవేత్త బెర్గ్‌సన్ పాఠాలు వినడానికి. అక్కడే ఇసడోరా డంకన్ నాట్యం చూశారు. ఇసడోరా అన్న రేమండ్ దగ్గర గ్రీకు పద్ధతి కసరత్తులు నేర్చుకున్నారు. 1912లో బుడాపెస్ట్ తిరిగొచ్చి తానే నేర్పడం మొదలుపెట్టారు.

లెక్కల బుర్ర ఊరుకుంటుందా? చెయ్యి ఎటు కదిలింది, ఎంతసేపట్లో, ఎంత బలంతో, ఏ అర్థంతో... ఇలా నాలుగు రకాలుగా విడదీసి చూశారు. ఆ పద్ధతికి 'ఓర్కెస్టికా' అని పేరు పెట్టారు. నాకు నచ్చింది ఆ నాలుగోదే. మెల్లగా పైకెత్తిన చెయ్యి ప్రార్థన; అదే చెయ్యి విసురుగా లేస్తే బెదిరింపు. అర్థం లేని కదలిక ఆవిడకు అక్కర్లేదు.

ఇంతలో సంసారం చెదిరింది. భర్త పాల్ కూడా గణితజ్ఞుడే. 1919 నాటి కమ్యూనిస్టు ప్రభుత్వంలో పనిచేసి, అది కూలాక దేశం వదిలారు. తర్వాత బ్రిటన్‌లో స్థిరపడ్డారు. దంపతులు విడిపోయారు. ఇద్దరు మగపిల్లలతో వాలేరియా వియన్నా, ఆపైన ఫ్రాన్స్‌లో రేమండ్ ఆశ్రయం... చివరికి 1923లో సొంత దేశం చేరారు. మళ్లీ బడి నడిపారు. బైబిల్లోని ధన్యవచనాలను 1926లో కదలికల నాటకంగా మలిచారు. పెద్ద బృందాలతో ఇంకా ఎన్నో చేయించారు. మరో పక్క అనువాదాలు! నాకైతే ఆవిడకు రోజుకెన్ని గంటలుండేవా అనిపిస్తుంది.

1944లో బడి మూతపడింది. యుద్ధం తర్వాత వచ్చిన ప్రభుత్వం ఇలాంటి నాట్యాన్నే నిషేధించింది. అయినా ఆవిడ రాత ఆపలేదు. 1978లో, తొంభై తొమ్మిదో ఏట కన్నుమూశారు.

చిన్నబ్బాయి జోల్టాన్ పేరు లెక్కల టీచర్లకు తెలిసే ఉంటుంది. ఒకట్లు, పదులు, వందలను చెక్కముక్కలతో పిల్లల చేతికందించిన 'డీన్స్ బ్లాకులు' ఆయనవే. పెద్దబ్బాయి గెడియోన్ నాట్యచరిత్రకారుడయ్యారు. అమ్మ పద్ధతిని 1996లో పుస్తకంగా తెచ్చింది ఆయనే.