కొలతలు తీసుకోని సైకిల్



ఈ నెల మీకు ఒక సైకిల్ రేసర్ జీవితం చెప్తాను. పేరు ఫౌస్టో కొప్పి. ఇటలీ దేశస్థుడు. చనిపోయి అరవై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో క్రికెటర్ల పేర్లు ఎంత మామూలో, ఇటలీలో ఇతని పేరు అంత మామూలు. అక్కడివాళ్లు ఇతన్ని కాంపియోనిస్సిమో అన్నారు. అంటే ఛాంపియన్లకే ఛాంపియన్.

అతను గెలిచిన రేసుల సంగతి తర్వాత చూద్దాం. ముందు చిన్నప్పుడు అతని చుట్టూ ఉన్న పెద్దవాళ్లను గమనిస్తూ చదవండి. ఒక టీచర్, ఒక మాంసం కొట్టు యజమాని, డబ్బిచ్చిన ఒక బంధువు, సైకిల్ తయారుచేసే ఒక పనివాడు, కళ్లు కనపడని ఒక మసాజ్ మనిషి. వీళ్లలో ఎవరు ఆ పిల్లాడిని సరిగ్గా చూశారో మీరే చెప్పండి.

వంద సార్లు ఇంపోజిషన్

కొప్పి 1919 సెప్టెంబర్ 15న ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, కాస్టెల్లానియా అనే చిన్న కొండ ఊళ్లో పుట్టాడు. నాన్న డొమెనికో, అమ్మ ఆంజియోలినా. ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. వ్యవసాయ కుటుంబం, చేతిలో డబ్బు ఆడేది కాదు. పిల్లాడు బక్కపలచగా ఉండేవాడు, ఆరోగ్యం అంతంతమాత్రం. చదువు మీద కూడా పెద్దగా ధ్యాస లేదు.

ఎనిమిదేళ్ల వయసులో అతనికి నేలమాళిగలో ఒక పాత సైకిల్ దొరికింది. తుప్పు పట్టిపోయి ఉంది, బ్రేకులు లేవు. అయినా దాన్ని బయటికి తీశాడు. బడి ఎగ్గొట్టి తొక్కుతూ తిరిగాడు. దొరికిపోయాడు. సైకిల్ తొక్కడం మానేసి బడికి రావాలన్న వాక్యాన్ని వంద సార్లు రాయమని ఇంపోజిషన్ ఇచ్చారు.

నేనూ టీచర్‌నే కాబట్టి ఆ శిక్ష వేసినవాళ్లను పూర్తిగా తప్పు పట్టలేను. క్లాసులో ఉండాల్సిన పిల్లాడు బ్రేకుల్లేని సైకిల్ మీద కొండదారిలో ఉన్నాడంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. కానీ ఇంపోజిషన్ వల్ల చేతిరాత కొంచెం బాగుపడి ఉండవచ్చు గానీ, సైకిల్ మీద ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు.

మాంసం కొట్టు నుంచి మొదటి రేసు దాకా

పదమూడేళ్లకే చదువు ఆగిపోయింది. నోవి లిగురే అనే దగ్గరి పట్నంలో మెర్లాని అనే ఆయన మాంసం కొట్లో పనికి కుదిరాడు. కొట్టుకు రావడం, ఇంటికి వెళ్లడం, ఆర్డర్లు అందించడం అన్నీ సైకిల్ మీదే. ఆ కొట్టుకు వచ్చిపోయేవాళ్లలో సైకిల్ రేసర్లు కూడా ఉండేవాళ్లు. వాళ్ల మాటలు వింటూ వింటూ కుర్రాడికి రేసుల పిచ్చి పట్టుకుంది.

పదిహేనేళ్లకు మొదటి రేసు తొక్కాడు. క్లబ్బు, లైసెన్సు ఏవీ లేని కుర్రాళ్లు వాళ్లలో వాళ్లు పెట్టుకునే పోటీ అది. కొప్పి గెలిచాడు. బహుమతి 20 లీరాలు, ఒక సలామీ శాండ్‌విచ్. ఇప్పుడు మన స్పోర్ట్స్ డేకి ఇచ్చే ప్లాస్టిక్ కప్పుతో పోలిస్తే, ఆకలితో ఉన్న కుర్రాడికి శాండ్‌విచ్చే నయం!

600 లీరాల పాఠం

రేసులకు మంచి సైకిల్ కావాలి. నాన్న అన్నదమ్ముల్లో ఒకాయన ఉన్నారు. ఆయన పేరు కూడా ఫౌస్టోనే. ఓడల మీద ఉద్యోగం. ఆయన, నాన్న కలిసి ఫ్రేమ్ కొనుక్కోమని 600 లీరాలు సర్దారు. ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఫ్రేమ్ కోసం కొప్పి జెనోవా నగరంలో ఒక పనివాడి దగ్గరికి వెళ్లాడు. నోవి నుంచి జెనోవా కొండలు దాటి దాదాపు యాభై కిలోమీటర్లు. రేసు సైకిల్ ఫ్రేమ్‌ని మనిషి కాళ్ల పొడవు, చేతుల పొడవు, నడుము కొలిచి తయారుచేస్తారు, మన దర్జీ చొక్కా కుట్టినట్టే. కొలతలు తీసుకుంటాడని కుర్రాడు ఎదురుచూశాడు. అతను తీసుకోలేదు. వచ్చే వారం అయిపోతుందని చెప్పి పంపేశాడు. వచ్చే వారం మళ్లీ అదే మాట. ఇలా వారాల తరబడి తిప్పాడు. తిరుగుదారిలో కొండ ఎక్కాలి. ఉత్త చేతులతో ఆ కొండ ఎక్కి ఇంటికి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చివరికి ఫ్రేమ్ ఇచ్చాడు. అది కొప్పి కోసం చేసింది కాదు, కొట్లో రెడీమేడ్‌గా ఉన్నది. అతనికి చిన్నదైపోయింది. కుర్రాడికి కోపం వచ్చింది కానీ, పెద్దాయన్ని అడిగే ధైర్యం చాలలేదు. పల్లెటూరి బట్టల్లో ఉన్న బక్క కుర్రాడు పెద్ద రేసర్ అవుతాడని ఆ పనివాడు అనుకోలేదేమో. టేపు కూడా బయటికి తీయలేదు. పైసలు మాత్రం పూర్తిగా ముట్టాయి.

కళ్లు లేని మనిషి కొలిచాడు

అదే నోవి లిగురేలో బియాజియో కవన్నా అనే మసాజ్ మనిషి ఉండేవాడు. ఒకప్పుడు బాక్సర్. తర్వాత చూపు పోయింది. గిరార్దెంగో లాంటి పెద్ద ఛాంపియన్ల కాళ్లకు మసాజ్ చేసిన అనుభవం ఉంది. కొప్పి అతని చేతికి వచ్చాడు.

కవన్నాకు కుర్రాడి బట్టలు కనపడవు. బక్కగా ఉన్నాడా, రైతు బిడ్డా, పట్నం బిడ్డా అనేది కనపడదు. అతనికి తెలిసింది చేతులతో తడిమి చూడడమే. పొడుగాటి కాళ్లు, లోతైన ఛాతీ, నెమ్మదిగా కొట్టుకునే గుండె. అందరికీ బలహీనుడిలా కనపడ్డ కుర్రాడి ఒంట్లో దూరాలు తొక్కే శక్తి ఉందని అతని వేళ్లకు తెలిసింది. అప్పటి నుంచి ఎలా ప్రాక్టీస్ చేయాలి, ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నీ కవన్నానే చూసుకున్నాడు.

రోడ్డు రేసు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అది కేవలం గట్టిగా తొక్కే పోటీ కాదు. సైకిల్ వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురుగా నెడుతుంది. ముందు తొక్కేవాడు ఆ గాలిని మోస్తే, వెనక అంటిపెట్టుకుని వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే రేసర్లు గుంపుగా వెళ్తారు. గుంపు వదిలి ఒంటరిగా ముందుకు పోవాలంటే బలం ఒక్కటే చాలదు, సరైన సమయం తెలియాలి. ఆ రోజుల్లో దీనికి తోడు కంకర రోడ్లు, దుమ్ము, పంక్చర్లు. స్పేర్ టైర్లను భుజాలకు చుట్టుకుని తొక్కేవాళ్లు.

1938లో కొప్పి రేసింగ్ లైసెన్స్ తీసుకున్నాడు. కాస్టెల్లెత్తో దోర్బా అనే ఊళ్లో జరిగిన రేసులో చాలా దూరం ఒంటరిగా తొక్కి గెలిచాడు. బహుమతి ఒక అలారం గడియారం. 1939లో కవన్నా సలహా మీద అమెచ్యూర్‌కీ ప్రొఫెషనల్‌కీ మధ్య ఉండే ఇండిపెండెంట్ అనే తరగతిలోకి మారాడు. అప్పటికి ఇటలీలో పెద్ద రేసర్ జినో బర్తాలి. కవన్నా ఇతన్ని టస్కనీకి పంపి, అక్కడి రేసులో బర్తాలి చక్రాన్ని వదలకుండా వెంబడించమన్నాడు. ఆ రోజు చక్రం విరిగి రేసు మధ్యలోనే ఆగిపోయింది. అయినా ఆ మే 7న వార్జి అనే ఊళ్లో జరిగిన రేసులో మిగతావాళ్లకంటే ఏడు నిమిషాలు ముందు వచ్చి గెలిచాడు. ఆ తర్వాతి రేసు ఆరు నిమిషాల తేడాతో.

1940లో బర్తాలి ఉన్న లెన్యానో జట్టులోనే చేరాడు. నాయకుడికి సాయం చేయడమే అతని పని. ఇటలీ చుట్టూ వారాల పాటు సాగే జీరో దిటాలియా మొదలైంది. రెండో రోజే కుక్క అడ్డం రావడంతో బర్తాలి పడి దెబ్బలు తగిలించుకున్నాడు. తర్వాత ఫ్లోరెన్స్ నుంచి మోదెనా వెళ్లే దశలో కొప్పి వానలో కొండల మీద ఒంటరిగా ముందుకు దూసుకుపోయి మొదటి స్థానంలోకి వచ్చాడు. 1940 జూన్ 9న మిలాన్‌లో రేసు ముగిసేసరికి గెలుపు అతనిదే. అప్పటికి అతని వయసు 20 ఏళ్లు. అంత చిన్న వయసులో ఆ రేసు గెలిచినవాళ్లు ఇంతవరకూ లేరు.

మర్నాడు, జూన్ 10న, ఇటలీ యుద్ధంలోకి దిగింది.

యుద్ధం, ఆ తర్వాత

కొప్పి సైన్యంలో చేరాల్సి వచ్చింది. మధ్యలో 1942 నవంబర్‌లో మిలాన్‌లోని విగోరెల్లి ట్రాక్ మీద గంటలో 45.798 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. అది 1956 దాకా నిలిచింది. 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి పట్టుబడి యుద్ధఖైదీ అయ్యాడు. ఒక క్రీడాకారుడికి అతి విలువైన సంవత్సరాలు అలా పోయాయి.

తిరిగి వచ్చాక 1946లో మిలాన్–సాన్ రెమో రేసును 14 నిమిషాల తేడాతో గెలిచాడు. 1949 జీరోలో కూనెయో నుంచి పినెరోలో వెళ్లే రోజున ఐదు కొండ కనుమలు దాటుతూ 192 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. రెండో స్థానంలో వచ్చిన బర్తాలి దాదాపు 12 నిమిషాలు వెనకబడ్డాడు. మొత్తం మీద జీరో ఐదుసార్లు, టూర్ ది ఫ్రాన్స్ రెండుసార్లు, 1953లో ప్రపంచ ఛాంపియన్‌షిప్.

జీవితమంతా గెలుపులే కాదు. ఎముకలు ఎన్నోసార్లు విరిగాయి. తనలాగే రేసర్ అయిన తమ్ముడు సెర్సె 1951లో రేసులో పడి చనిపోయాడు. కొప్పి పెళ్లి నిలబడలేదు, అప్పటి ఇటలీ చట్టం ప్రకారం కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. రేసుల్లో ఉత్తేజం కోసం మందులు వాడినట్టు తనే ఒప్పుకున్నాడు. అప్పట్లో దాని మీద నిషేధం లేకపోయినా, మన పిల్లలకు ఆ విషయంలో మాత్రం అతన్ని ఆదర్శంగా చూపించలేం.

ఒక జ్వరం

1959 డిసెంబర్‌లో కొప్పి మరికొందరు రేసర్లతో కలిసి ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా వెళ్లాడు. ఇప్పటి బుర్కినా ఫాసో అది. అక్కడ దోమలున్న గదిలో అతను, ఫ్రెంచ్ మిత్రుడు జెమినియాని కలిసి పడుకున్నారు. ఇళ్లకు తిరిగి వచ్చాక ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఫ్రాన్స్‌లో జెమినియాని రక్తం పరీక్షించి మలేరియా అని తేల్చారు, క్వినైన్ ఇచ్చారు, బతికాడు. ఇటలీలో కొప్పిది మామూలు జలుబు, ఊపిరితిత్తుల జబ్బు అనుకుని వైద్యం చేశారు. 1960 జనవరి 2న తొర్తోనా పట్నంలో చనిపోయాడు. వయసు 40.

మలేరియా దోమల వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో 1897లోనే కనిపెట్టాడు. 62 ఏళ్ల తర్వాత కూడా, పక్కనే పరీక్ష ఉండగా, ఒక మనిషి అంచనా మీద ప్రాణం పోగొట్టుకున్నాడు. జెనోవాలో ఒకసారి టేపు తీయలేదు. తొర్తోనాలో ఒకసారి రక్తం చుక్క తీయలేదు. మొదటిసారి పోయింది 600 లీరాలు. రెండోసారి పోయింది మనిషి.

మీతో ఒక మాట

మనం పిల్లలకు సైకిల్ కొనేటప్పుడు ఎలాగూ పెరుగుతాడు కదా అని ఒక సైజు పెద్దదే కొంటాం, యూనిఫామ్ కుట్టించినట్టు. దయచేసి సైకిల్ విషయంలో అలా చేయకండి. పిల్లల్ని షాపుకి తీసుకెళ్లండి. సైకిల్ మధ్య కడ్డీకి రెండు వైపులా కాళ్లు పెట్టి నిలబడితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. బ్రేకు చేతివేళ్లకు సులువుగా అందాలి. హెల్మెట్ కూడా తలకు సరిపోయేదే కొనండి.

చదువు విషయంలో కూడా ఇంతే. ఈ నెలల్లో మీలో చాలామంది ఫౌండేషన్ కోర్సు గురించీ, పదో తరగతి తర్వాత తీసుకునే గ్రూపు గురించీ ఆలోచిస్తూ ఉంటారు. డబ్బు కట్టడంలో మీకు వెనకడుగు లేదని మాకు తెలుసు. కొప్పి ఇంట్లోవాళ్లు కూడా వెనకడుగు వేయలేదు. అయినా ఫ్రేమ్ సరిపోలేదు, ఎందుకంటే అది ఎవరి కోసమో చేసిన ఫ్రేమ్. పక్కింటి అబ్బాయికి కుదిరిన కోర్సు మీ అమ్మాయికి కుదరకపోవచ్చు. చిన్నదైపోయిందని కొప్పి పెద్దాయనకు చెప్పలేకపోయాడు. మన పిల్లలు కూడా చాలాసార్లు మనకు చెప్పలేరు.

కాబట్టి వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ప్రోగ్రెస్ కార్డుతో పాటు మరో కాగితం కూడా తీసుకురండి. మీ బిడ్డ ఎవరూ చెప్పకుండానే ఏ పని మొదలుపెడతాడో, ఏది చేస్తూ టైమ్ మర్చిపోతాడో, ఏ సబ్జెక్ట్ పుస్తకం తెరవగానే నోరు మూగబోతుందో రాసుకుని రండి. క్లాసులో మేం గమనించింది మేం చెప్తాం. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మార్కుల లిస్టులో కనపడనివి ఆ రెండు కాగితాల మధ్య కనపడతాయి.

కొప్పి పుట్టిన ఊరి పేరు ఇప్పుడు కాస్టెల్లానియా కొప్పి. బడి ఎగ్గొట్టి సైకిల్ తొక్కినందుకు వంద సార్లు ఇంపోజిషన్ రాసిన పిల్లాడి పేరు, 2019లో ఊరి పేరులో కలిసిపోయింది.