జామినీ రాయ్: ఏడు రంగుల పాఠం

ఆధునిక భారతీయ చిత్రకళకు జానపద జీవం పోసిన జామినీ రాయ్ 1887 ఏప్రిల్ 11న బెంగాల్‌లోని బాంకురా జిల్లా బెలియాతోర్ గ్రామంలో జన్మించారు. టెర్రకోట ఆలయాలకు, మట్టి బొమ్మలకు పేరెన్నికగన్న ప్రాంతమది.

పదహారేళ్ల ప్రాయంలో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరిన ఆయన పాశ్చాత్య శైలిని అభ్యసించారు. తైలవర్ణాలతో రూపచిత్రాలు గీసి జీవిక సాగించారు. అయితే 1920వ దశకంలో ఆ మార్గాన్ని విడిచి కాళీఘాట్ పటచిత్రాల వైపు, గ్రామీణ కళల వైపు మళ్లారు.

శైలితోపాటు సామగ్రి కూడా మారింది. విదేశీ కాన్వాస్ స్థానంలో చేనేత వస్త్రం, చాప, చెక్క వచ్చి చేరాయి. సున్నపు పూత వేసి వాటిని చిత్రరచనకు సిద్ధం చేసేవారు. ఏడు రంగులకే పరిమితమై, రాతి పొడి, ఒండ్రుమట్టి, నీలిమందు, సుద్ద వంటివాటితో స్వయంగా వాటిని తయారు చేసుకున్నారు. రంగు పట్టు నిలిపేందుకు చింతగింజల జిగురు, రేఖలకు దీపపు మసి వాడారు.

ఈ మార్పునకు ప్రేరణ ఆరోగ్య చింతన కాదు. స్వదేశీ భావన, సామాన్యునికి అందుబాటులో ఉండే కళ కావాలన్న తపన. అయినప్పటికీ టర్పెంటైన్ ఆవిరి, సీసంతో చేసిన తెలుపు రంగు వంటి తైలవర్ణ చిత్రకారుల సమస్యలకు ఆయన పద్ధతిలో చోటు తగ్గింది. నీటితో కలిపే మట్టి రంగులు పరిసరాలకూ అంతగా హాని చేయవు.

అయితే ప్రకృతి సహజమైనదంతా నిరపాయకరం కాదని కూడా ఆయన రంగుల పెట్టె చెబుతుంది. ఆ ఏడింటిలో ఒకటైన ఇంగిలీకం పాదరస సమ్మేళనం. సంప్రదాయ చిత్రకారులు పసుపు రంగుకు వాడిన హరిదళంలో ఉండేది ఆర్సెనిక్. ఇటువంటి పొడులు నూరేటప్పుడు లేచే ధూళి శ్వాసలో చేరడం, కుంచె మొనను పెదవులతో సరిచేయడం, రంగు అంటిన చేతులతో ఆహారం తీసుకోవడం ప్రమాదకరం. కుంచెలు కడిగిన నీరు చెరువులో కలిస్తే ఆ లోహాలూ అందులో చేరతాయి.

1954లో పద్మభూషణ్ అందుకున్న జామినీ రాయ్ 1972 ఏప్రిల్ 24న కన్నుమూశారు. అనంతరం ఆయన చిత్రాలను ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది. గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పీపీఎం మించరాదని 2016లో దేశంలో నిబంధనలు వచ్చాయి. రంగు ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో ఏముందో ఎరిగి వాడడం నేటి చిత్రకారులకు, పిల్లలకు రంగులు కొనిచ్చే తల్లిదండ్రులకు తప్పనిసరి.