రెండు రూపాయల స్టాంపు మీద కొండ ఆడోళ్లు

ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజార్ల ఒకపారి నాకు చినిగిపోయిన స్టాంపుల ఆల్బం దొరికింది. బేరమాడి వంద రూపాయలకు తీస్కున్న. చిన్నప్పుడు పోస్టుమ్యాన్ ఎనుక తిరిగి, పాత కవర్ల మీది స్టాంపులు కత్తిరించి, నీళ్లల్ల నానబెట్టి, జిగురు పోయినంక పేపర్ల నడుమ ఆరబెట్టే పిచ్చి నాది. గా పిచ్చి ఇంకా పోలె.

ఆల్బంల 1978ల వచ్చిన రెండు రూపాయల స్టాంపు ఉన్నది. అప్పట్ల మామూలు ఉత్తరానికి అంత ఖరీదు స్టాంపు అక్కర లేకుండె. దాని మీద బక్కపల్చని ఆడోళ్లు, తల మీద బట్ట కప్పుకొని, ఎవ్వల దిక్కు చూడకుంట నిలబడ్డరు. మా అమ్మకు చూపిస్తే, నాట్లకు పొయ్యే కూలోళ్లా అని అడిగింది. కాదు, సిమ్లా కొండలోళ్లు. బొమ్మ పేరు ‘కొండ మహిళలు’. గీసింది అమృతా షేర్‌గిల్.

ఈమె 1913ల హంగేరిల, బుడాపెస్ట్ పట్నంల పుట్టింది. నాయిన సంస్కృతం, పార్సీ చదివిన పంజాబు సర్దారు, పెద్ద ఇంటి మనిషి. అమ్మ హంగేరి దేశస్తురాలు, ఒపేరా గాయని. ఎనిమిదేండ్లకు సిమ్లా వచ్చింది. పదహారేండ్లకు పారిస్ పోయి బొమ్మలు నేర్చుకున్నది. ఇరవై ఏండ్లకే అక్కడి పెద్ద ప్రదర్శనల బంగారు పతకం. గక్కడనే ఉంటే పేరుకు కొదవ లేకుండె. కానీ 1934 చివర్ల తిరిగొచ్చింది.

సిమ్లాల దొరల బంగ్లాలుండె, విందులుండె. ఆమె గూడ గా లోకం మనిషే. కుంచె మాత్రం కొండ మీది పేదోళ్ల దిక్కు తిరిగింది. ‘కొండ మహిళలు’ 1935ల గీసింది. ఆ మొకాలల్ల ఎవలనో మెప్పించే నవ్వు లేదు. గోడకు తగిలించుకొని మురిసిపోయే బొమ్మ కాదది.

కొనెటోళ్లకు గదే నచ్చలె. 1936ల ఎల్లోరా, అజంతా చూసుకుంట మన హైదరాబాద్ వచ్చి బొమ్మలు పెట్టింది. సాలార్ జంగ్ నవాబు చూసి వాపస్ పంపిండు. మైసూర్ మహారాజు ఈమెను కాదని రవివర్మ బొమ్మలు తీస్కున్నడు. నా ఆల్బంల పక్క పేజీల 1971 నాటి రవివర్మ స్టాంపే ఉన్నది, హంసతోని దమయంతి, ఇరవై పైసలు. చూసి నవ్వొచ్చింది.

నాకు అమృతతోని ఒక పేచీ ఉన్నది. పేదోళ్లను గీసింది గానీ పేదరికంల బతకలె. 1938ల హంగేరిల డాక్టరు బావను పెండ్లి చేస్కొని, గోరఖ్‌పూర్ దిక్కు సరాయల చుట్టాల చక్కెర మిల్లు జాగల ఉన్నది. బొమ్మల నిలబడ్డోళ్లకు పేర్లు లేవు, ‘కొండ మహిళలు’ అంటే సరిపోయింది. అయినా అజంతా గోడలు చూసొచ్చి 1937ల గీసిన ‘పెండ్లికూతురు అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు పోతున్న దక్షిణాది పల్లెజనం’ చూస్తే నా నోరు మూతపడ్తది. మనుషుల ఒంటి నలుపును గంత ఇష్టంగ గీసినోళ్లు అప్పట్ల ఎంతమంది?

1941ల లాహోర్ పోయింది. అక్కడ ప్రదర్శన పెట్టేదుండె. హఠాత్తుగ జబ్బు చేసి డిసెంబర్ 5న పోయింది. ఇరవై ఎనిమిదేండ్లే.

ఇప్పుడు ఆమె బొమ్మలు జాతి సంపద, దేశం దాటిపోనియ్యరు. 2023ల ‘కథ చెప్పేటాయన’ అనే ఒక్క బొమ్మ 61.8 కోట్లకు వేలంల పోయింది.

నా స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర ఒకామె భుజం మీద నల్లగ పడ్డది. గట్ల మరక పడ్డదాన్ని స్టాంపులోళ్లు తక్కువకే అడుగుతరు. ఒకాయన ఇరవై ఇస్తనన్నడు. ఇయ్యలె.