కొడవటిగంటి కుటుంబరావు

కొడవటిగంటి కుటుంబరావు (అక్టోబరు 28, 1909 - ఆగష్టు 17, 1980) ప్రసిద్ధ తెలుగు రచయిత, పాత్రికేయుడు. పాఠకులకు కొకుగా సుపరిచితుడు. చిన్న పట్టణాలలోని మధ్యతరగతి జీవితాన్ని కథలలోనూ నవలలలోనూ ఇంత విస్తారంగా చిత్రించిన తెలుగు రచయితలు అరుదు.

బాల్యం, చదువు

కుటుంబరావు గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించాడు. 1914లో తండ్రిని, 1920లో తల్లిని కోల్పోయి బంధువుల అండన పెరిగాడు. 1925లో పద్మావతితో వివాహమైంది. గుంటూరులో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రంతో బి.ఏ. పూర్తిచేసి, ఎం.ఎస్సీ. కొరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రపంచమంతటినీ కుదిపిన ఆర్థిక మాంద్యం వలన ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. పట్టా ఉన్నా కొలువు దొరకని యువకుని అవస్థ ఆ తరువాత అతని రచనలలో పదేపదే కనిపిస్తుంది.

ఉద్యోగాలు

సిమ్లాలో గుమాస్తాగా, వరంగల్లు సమీపంలోని మడికొండలో ఉపాధ్యాయునిగా, బొంబాయిలో సినిమా ప్రకటనల సంస్థలో కొద్దికాలం చొప్పున పనిచేశాడు. 1939లో భార్య మరణించింది. 1945లో వరూధినిని వివాహమాడాడు. ఆంధ్రపత్రిక వారపత్రికలో కొంతకాలం పనిచేసిన పిదప 1952లో మద్రాసులో చందమామలో చేరి మరణించేవరకు అక్కడే కొనసాగాడు. ఇప్పుడు వెలువడని ఆ పిల్లల మాసపత్రికకు తేటయైన వాడుక భాషను అలవరచినవారిలో అతడు ముఖ్యుడు. అయితే సంపాదకునిగా అతని పేరు పత్రికలో అచ్చయ్యేది కాదు. అందుచేత ఎందరో పిల్లలు అతనెవరో ఎరగకుండానే ఆ వచనాన్ని చదువుకొని పెద్దవారయ్యారు.

కథలలో పట్టణం

కృష్ణా డెల్టా కాలువల మధ్య, రైలు కూడలిలో ఉన్న తెనాలి వర్తకానికీ నాటకాలకూ పేరుపొందిన ఊరు. అటువంటి ఊరిని కుటుంబరావు ముచ్చటగా అలంకరించి చూపలేదు. ఇంటి అద్దె, కట్నం, అప్పు, పెళ్ళిచూపులు, బదిలీ, బంధువుల చూపులు - ఇవే కథావస్తువులు. "అద్దె కొంప", "నిరుద్యోగం" వంటి పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఒక కుటుంబంలోని ప్రేమాభిమానాలు ఆ ఇంటి ఆదాయవ్యయాలను బట్టి ఎట్లా మారుతాయో అతడు ఉద్వేగం లేకుండా, ఒకింత వెటకారంతో చెప్పాడు. వర్ణనలు తక్కువ. కొందరికి ఈ పొడితనం రుచించకపోవచ్చు. కాని ఆ కథలు నేటికీ పాతబడకపోవడానికి అదొక కారణం. అణాలు పోయి రూపాయలు వచ్చినా, నెలాఖరున అద్దె కట్టలేనివాని బిడియం పాఠకునికి పరిచితమే. అతని మనుషులలో పూర్తిగా దుర్మార్గులు కూడా అరుదు. తమకు జరుగుతున్నదేమిటో తెలియక, తెలిసినా ఒప్పుకోలేక సతమతమయ్యేవారే ఎక్కువ.

"చదువు" నవలలో సుందరం అనే బాలుడు అక్షరాలు దిద్దిన నాటినుండి పెరిగి పెద్దవాడై నిరుద్యోగాన్ని ఎదుర్కొనే వరకు కథ సాగుతుంది. మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం ఆ ఇంటి గడపదాకా ఎట్లా వచ్చాయో ఇందులో చూడవచ్చు. రచయిత స్వీయ జీవిత ఛాయలు ఈ నవలలో స్పష్టంగా ఉన్నాయి.

చివరి రోజులు

మార్క్సిజాన్ని అభిమానించిన కుటుంబరావు 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో సభ్యుడయ్యాడు. సినిమా, సంగీతం, విజ్ఞానశాస్త్రం, చరిత్రలపై కూడా విరివిగా వ్యాసాలు వ్రాశాడు. మరణానంతరం అతని రచనలను కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర సంస్థ సంపుటాలుగా ప్రచురించింది. కుమార్తె శాంతసుందరి అనువాదకురాలిగా, కుమారుడు రోహిణీప్రసాద్ విజ్ఞానశాస్త్ర రచయితగా పేరు తెచ్చుకున్నారు.