టైరుకు గాలి నింపిన పశువైద్యుడు – జాన్ బాయ్డ్ డన్లప్ గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవిత చరిత్ర వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరే వేళకు గాంధీగారిని, విశ్వేశ్వరయ్యగారిని, అల్లూరి సీతారామరాజుగారిని మిత్రులు పంచుకొని ఉన్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా గ్యారేజీలో టైర్ల మధ్య పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. అందులో ఎక్కువ భాగం అడ్డతీగల నుంచి ఏలేశ్వరం, రాజవొమ్మంగి, రంపచోడవరం, వై.రామవరం రోడ్ల మీద తిరిగే బళ్ళతోనే గడిచింది. అందువల్ల నా వృత్తికి దగ్గరైన పెద్దమనిషిని ఎంచుకున్నాను. డన్లప్ అనే పేరు మన మన్యంలో చదువురాని క్లీనరుకు కూడా తెలుసు. అయితే అది ఒక మనిషి పేరని, ఆ మనిషి పశువుల డాక్టరని తెలిసినవారు నా సర్వీసులో నలుగురైదుగురికి మించి కనబడలేదు.

జాన్ బాయ్డ్ డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ అనే గ్రామంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. నెలలు నిండకుండా పుట్టానని ఇంట్లోవారు చెప్పగా విని, తన ఆరోగ్యం అంతంత మాత్రమేనని జీవితాంతం జాగ్రత్త పడుతూ వచ్చారట. అలా జాగ్రత్త పడుతూనే ఎనభై ఒక్క ఏళ్ళు బ్రతికారు! ఎడింబరోలో పశువైద్యం చదివి పందొమ్మిదో ఏటనే పట్టా పుచ్చుకున్నారు. కొన్నేళ్ళు అక్కడే పనిచేసి 1867లో ఐర్లండు వెళ్ళారు. డౌన్‌పాట్రిక్ అనే ఊళ్ళో సోదరుడు జేమ్స్‌తో కలిసి కొంతకాలం, ఆ తరువాత బెల్‌ఫాస్టు పట్టణంలో ప్రాక్టీసు పెట్టారు. 1871లో మార్గరెట్ స్టీవెన్సన్‌ను వివాహం చేసుకున్నారు. వారికి ఒక కొడుకు, ఒక కూతురు.

ఆ రోజుల్లో పశువైద్యమంటే ముఖ్యంగా గుర్రాల వైద్యమే. సరుకుల బండి, డాక్టరుగారి బండి, చివరకు ట్రాము బండి కూడా గుర్రమే లాగాలి. రాళ్ళు పరిచిన వీధుల్లో ఇనుప పట్టా చక్రాలు లాగి లాగి కాళ్ళు చెడిన గుర్రాలు ఆయన దగ్గరకు వచ్చేవి. నోరులేని జీవం గనుక ఎక్కడ నొప్పో అది చెప్పదు. నాలుగడుగులు నడిపించి చూడాలి, చేత్తో తడమాలి, అడుగు పడే చప్పుడు వినాలి. ఈ అలవాటు ఉన్న మనిషికే గాలి టైరు తట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. మా గ్యారేజీలో మంచి టైరు మేస్త్రీలు చేసినదీ ఇదే. రాడ్డుతో టైరు మీద ఒక దెబ్బ వేసి, ఆ చప్పుడును బట్టి జంట టైర్లలో లోపలిదానికి గాలి తగ్గిందని చెప్పేవారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1887వ సంవత్సరం చివర. డన్లప్ గారి అబ్బాయి జానీకి తొమ్మిది పదేళ్ళ వయసు. వాడి మూడు చక్రాల సైకిలుకు గట్టి చక్రాలుండేవి. బెల్‌ఫాస్టు రాతి వీధుల్లో తొక్కితే ఒళ్ళు హూనమయ్యేది. తండ్రిగారు ఒక చెక్క బిళ్ళను తీసుకుని, పల్చని రబ్బరు షీటుతో గొట్టం చేసి, దాని అంచు చుట్టూ అమర్చి, పైన నారగుడ్డ చుట్టి చెక్కకు బిగించారు. ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపుతో గాలి నింపారు. తరువాత ఆయన చేసిన పరీక్ష చూడండి. సైకిలు నుంచి ఊడదీసిన పాత చక్రాన్ని, ఈ గాలి బిళ్ళను ఒకదాని తరువాత ఒకటి తన పెరట్లో చేత్తో దొర్లించారు. పాత చక్రం కొంతదూరం పోయి పడిపోయింది. గాలి బిళ్ళ పెరడంతా దాటి ఎదుటి గేటుకు తగిలి వెనక్కు వచ్చింది.

పిల్లవాడికి కుదుపు తగ్గించటం కోసం మొదలుపెట్టిన పని అది. కాని ఆ పరీక్షలో తేలినది అంతకంటే పెద్ద సంగతి. కుదుపు అనేది కూర్చున్నవాడి బాధ మాత్రమే కాదు, బండిని ముందుకు నడపవలసిన బలాన్ని తినివేసే దొంగ. గట్టి చక్రం ప్రతి రాయినీ ఎక్కి దిగాలి, ఎక్కినప్పుడల్లా బండి మొత్తం పైకి లేవాలి. గాలి చక్రం రాయిని తనలోకి ఇముడ్చుకొని సాగిపోతుంది. ఎగిరిపడటంలో వృథా అయ్యే శక్తి ముందుకు పోవటానికి మిగులుతుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే లారీ టైర్ల జబ్బులు సగం అర్థమవుతాయి. బండి వణుకుతున్నదంటే ఎక్కడో బలం వృథా అవుతున్నది. ఆ బలం ఊరికే పోదు, టైరునో, బేరింగునో, కింగ్ పిన్నునో తిని పోతుంది.

ఉదాహరణకు మన మన్యంలో వానాకాలం చూడండి. వాగు దాటి, ఎర్రమట్టిలో దిగబడి వచ్చిన లారీ డిస్కు లోపలి వైపు మట్టి పట్టి ఎండిపోతుంది. బయటికి కనబడదు. చక్రం నడిబొడ్డు నుంచి పావు మీటరు దూరాన ఒకేచోట 200 గ్రాముల మట్టి ఉన్నదనుకుందాం. లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ మట్టి చక్రాన్ని సుమారు 2.5 కిలోల బలంతో బయటికి లాగుతుంది. వేగం 80కి పెరిగితే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంటే సుమారు 10 కిలోలు, సెకనుకు ఏడుసార్లు, ఒకసారి పైకి ఒకసారి కిందికి! స్టీరింగు పట్టుకున్నవాడి భుజాలు ఏమవుతాయో చెప్పనక్కరలేదు. అందుకనే ఘాట్‌లో నెమ్మదిగా నడిచినంతసేపు బుద్ధిగా ఉన్న బండి, ఏలేశ్వరం దాటి మంచి రోడ్డెక్కగానే వణకటం మొదలుపెడుతుంది. డ్రైవరు ఘాట్ రోడ్డును తిట్టుకుంటాడు. ముందు డిస్కు లోపల గీకి కడిగిస్తే చాలాసార్లు అక్కడితో సరి. అప్పటికీ పోకపోతే సీసపు ముక్కలు రిమ్ముకు తగిలించి బ్యాలెన్సు చేయించాలి. నెమ్మదిగా పోయేటప్పుడు కూడా స్టీరింగు కొట్టుకుంటే మాత్రం అది బ్యాలెన్సు జబ్బు కాదు. డిస్కు వంగి ఉండాలి, నట్లు వదులై ఉండాలి, లేదా టైరే పాడై ఉండాలి.

ఒక సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. వెదురు తోలే లారీ ఒకటి స్టీరింగు కొట్టుకుంటున్నదని డ్రైవరు వారం రోజులపాటు పుస్తకంలో వ్రాస్తూ వచ్చాడు. కొండ రోడ్డన్నాక అలాగే ఉంటుందని పైవారు పక్కన పెట్టారు. ఎనిమిదో రోజు బండి వై.రామవరం వైపు పోవలసి ఉండగా, ముందు చక్రాన్ని జాకీ ఎత్తి చేత్తో తిప్పాము. సుద్దముక్కను టైరుకు వెంట్రుకవాసి దూరాన కదలకుండా పట్టుకుంటే, చుట్టూ తగలకుండా ఒక్కచోట మాత్రం గీత పడింది. అక్కడ లోపలి పొరలు విడిపోయి టైరు ఉబ్బి ఉన్నది. ముందు టైరు ఘాట్ మలుపులో పేలితే బండి డ్రైవరు చేతిలో ఉండదు. ఆ కుటుంబం ఇప్పటికీ సంక్రాంతికి మా ఇంటికి వస్తుంది. డ్రైవరు చెప్పే మాటను సాకుగా తీసుకోకూడదని నేను కుర్ర మెకానిక్కులకు గట్టిగా చెబుతూ వచ్చినది దీనివల్లనే.

మళ్ళీ డన్లప్ గారి వద్దకు పోదాం. 1888 ఫిబ్రవరి చివరకు జానీ సైకిలు వెనుక చక్రాలకు గాలి టైర్లు ఎక్కాయి. జులై 23న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, డిసెంబరులో మంజూరయింది. 1889 మే 18న బెల్‌ఫాస్టు క్వీన్స్ కాలేజీ మైదానంలో విలియం హ్యూమ్ అనే పందెగాడు ఈ టైర్ల సైకిలుతో దిగితే, ఆ లావుపాటి టైర్లను చూసి జనం నవ్వారు. నాలుగు పందాలూ అతనే గెలిచాడు. ఓడినవారిలో డబ్లిన్ వ్యాపారి హార్వీ డుక్రోస్ గారి కుమారులున్నారు. డుక్రోస్ గారు ఊరుకునే రకం కాదు. తన బిడ్డలను ఓడించిన టైరునే వ్యాపారం చేయబూనుకొని, డన్లప్ గారితో కలిసి ఆ ఏడాది నవంబరులో డబ్లిన్‌లో కంపెనీ పెట్టారు.

మరుసటి సంవత్సరమే పిడుగు పడింది. ఇదే ఊహ 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు వాసికి వచ్చి, ఆయన పేటెంటు కూడా తీసుకుని ఉన్నాడని తేలింది. థామ్సన్ చక్రాలు 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో గుర్రపు బండికి అమర్చి చూపారు కూడా. అప్పటికి సైకిళ్ళు లేవు, మోటార్లు లేవు, పల్చని రబ్బరు దొరకటం కష్టం. అందుచేత జనం మరచిపోయారు. థామ్సన్ 1873లో చనిపోయాడు. డన్లప్ గారికి ఇదేమీ తెలియదు, ఆయన స్వంతంగానే కనిపెట్టారు. అయినా 1890లో పేటెంటు చెల్లకుండా పోయింది. టైరును రిమ్ముకు పట్టి ఉంచే పద్ధతుల పేటెంట్లను ఇతరుల నుంచి కొనుక్కొని కంపెనీ నిలబడింది. మన సైకిళ్ళకు చిన్న రబ్బరు వాల్ ట్యూబు ఉండేది, జ్ఞాపకమున్నదా? మనం దాన్ని డన్లప్ వాల్వు అనేవాళ్ళం. నిజానికి దాన్ని 1891లో తయారుచేసింది వుడ్స్ అనే మరొకరు.

1895లో డన్లప్ గారు కంపెనీ నుంచి తప్పుకున్నారు. మరుసటి సంవత్సరం ఆ కంపెనీ 30 లక్షల పౌండ్లకు చేతులు మారింది. వెంటనే 50 లక్షల పౌండ్ల కంపెనీగా జనానికి వాటాలు అమ్మారు. అందులో ఆయనకు పెద్దగా ఏమీ ముట్టలేదు. డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారంలో భాగస్వామిగా ప్రశాంతంగా కాలం గడిపారు. ప్రకటనల్లో తన బొమ్మను షోకిలా దుస్తులు, టోపీ, చేతికర్రతో వేసినందుకు మాత్రం చాలా నొచ్చుకున్నారు. రిటైరయిన మనిషికి డబ్బు పోయినదానికంటే పరువు పోతే ఎక్కువ బాధ అన్నది మన సభ్యులకు నేను చెప్పాలా?

టైర్ల వల్ల ప్రపంచానికి పట్టిన గిరాకీలో చెడ్డ భాగం కూడా ఉన్నది. దాన్ని దాచటం నాకిష్టం లేదు. రబ్బరు తోటలు కాపుకు రాకముందు అడవి రబ్బరే దిక్కు. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డు మనుషులు అడవి బిడ్డలను చంపి, చేతులు నరికి రబ్బరు వసూలు చేయించారు. లోకం గోలపెట్టగా 1908లో ఆ దేశం రాజు చేతిలో నుంచి పోయింది. దాదాపు ఆ కాలంలోనే మన మన్యంలో కొండవారిచేత చాలీచాలని కూలికి రోడ్లు వేయించారు. ఆ కడుపుమంటే 1922లో తిరుగుబాటయింది. ఆ అక్టోబరులో సీతారామరాజుగారి దళం అడ్డతీగల పోలీసు ఠాణా మీదికి వచ్చింది. నేడు మారేడుమిల్లి ప్రాంతంలో గిరిజన రైతులే తమ కొండవాలుల్లో రబ్బరు చెట్లు పెంచుతున్నారు.

లారీలకు మాత్రం గాలి టైర్లు ఆలస్యంగా వచ్చాయి. బరువుకు నిలవవని చాలాకాలం గట్టి రబ్బరు టైర్లతోనే నడిపారు. 1917లో గుడ్‌ఇయర్ కంపెనీ అమెరికాలో ఆక్రన్ నుంచి బోస్టను వరకు గాలి టైర్ల లారీని నడిపి చూపిన తరువాతనే నమ్మకం కుదిరింది. లారీ బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. ఈ సంగతి డ్రైవర్లకు ఎంత చెప్పినా తక్కువే. గాలి తక్కువైతే టైరు రెండు అంచులు అరుగుతాయి, ఎక్కువైతే నడుమ అరుగుతుంది. ఒక్క అంచే అరిగితే ఇరుసు వైపు చూడాలి. చేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపపు పళ్ళలా తగిలితే ముందు చక్రాల అలైన్‌మెంటు తప్పింది. గుంటలు గుంటలుగా అరిగినదే అన్నిటికంటే చిక్కు. షాక్ అబ్జార్బరో, బేరింగో, బ్యాలెన్సో, ఒక్కోసారి మూడూ. వెనుక జంటలో ఒక కొత్త టైరు, ఒక అరిగిన టైరు కలిపి వేస్తే పెద్దది బరువు మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోయి రెండూ పాడవుతాయి. ఇంట్లో ట్రాక్టరో, లారీయో ఉన్న మన పిల్లలు గాలిని ఉదయం బండి కదలకముందే, టైరు చల్లగా ఉండగా చూసుకోవాలి.

డన్లప్ గారు 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో కన్నుమూశారు. అక్కడి డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. ఆయన వ్రాసిపెట్టుకున్న గాలి టైరు చరిత్రను కుమార్తె తరువాత పుస్తకంగా అచ్చు వేయించింది. 1936లో బెంగాలులోని సాహగంజ్‌లో ఆయన పేరుతో నెలకొన్న కార్ఖానా టైర్లే మన తరం చేతుల మీదుగా నడిచాయి. ఆ కార్ఖానా తరువాత మూతపడింది. ఉత్తర ఐర్లండులో ఒక బ్యాంకు పది పౌండ్ల నోటు మీద ఆయన గడ్డం బొమ్మ వేసింది. ఇక ముందే కనిపెట్టి మరుగున పడిన థామ్సన్‌ను సొంత ఊరివారు వదిలిపెట్టలేదు. స్కాట్లండు సముద్రతీరాన స్టోన్‌హేవెన్‌లో ఆయన జ్ఞాపకార్థం పాత మోటారు బళ్ళను ఊరేగిస్తూ వస్తున్నారు.