నడిచి వెళ్ళేంత దూరంలో పచ్చిక: ఆక్టేవియా హిల్

ఊళ్ళో పార్కు ఉంటే చాలదు, అది పేదవాళ్ళ ఇంటి దగ్గర ఉండాలి అని దాదాపు నూట యాభై ఏళ్ళ కిందటే పట్టుబట్టిన ఒక మహిళ గురించి ఈసారి రాస్తున్నాను. ఆమె పేరు ఆక్టేవియా హిల్.

ఆక్టేవియా 1838 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లోని విజ్‌బీచ్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి ధాన్యం వ్యాపారి. ఆయనకు ఈమె ఎనిమిదో కూతురు. లాటిన్‌లో ఎనిమిదో సంఖ్యను చెప్పే మాట నుంచే ఆ పేరు వచ్చింది. వ్యాపారం దివాలా తీసి, తండ్రి ఆరోగ్యం చెడిపోయాక తల్లే ఇంటిని లాక్కొచ్చింది. తల్లి తండ్రి డాక్టర్ సౌత్‌వుడ్ స్మిత్ పేదల వాడల్లో జ్వరాల మీద, పారిశుధ్యం మీద పనిచేసిన వైద్యుడు. పద్నాలుగేళ్ళకే ఆక్టేవియా లండన్‌లో బొమ్మలు తయారుచేసే పేద ఆడపిల్లల పని చూసుకునేది. అంటే మనకంటే ఐదేళ్ళు చిన్న!

1865లో రచయిత జాన్ రస్కిన్ డబ్బు పెట్టి కొన్న మూడు పాత ఇళ్ళను బాగుచేయించి, పేదలకు అద్దెకిచ్చే బాధ్యత ఆమె తీసుకుంది. వారం వారం తనే వెళ్ళి అద్దె వసూలు చేసేది. తర్వాత చాలామంది స్త్రీలకు ఈ పని నేర్పింది. ఇంటింటికీ తిరిగినప్పుడు ఆమెకు ఒకటి అర్థమైంది. గది బాగుచేస్తే సరిపోదు, పిల్లలు ఆడుకోవడానికి జాగా లేదు. మరుసటి ఏడాదే ఒక చిన్న ఆటస్థలం ఏర్పాటు చేసింది.

1875లో స్విస్ కాటేజ్ పొలాలను ఇళ్ళ ప్లాట్లు కాకుండా కాపాడాలని చందాలు పోగుచేసింది. డబ్బు చాలావరకు వచ్చినా పొలాలు దక్కలేదు. ఇప్పుడక్కడ ఇళ్ళే ఉన్నాయి. ఆమె మాత్రం ఆగలేదు. తాళాలు వేసి వదిలేసిన పాత శ్మశానాలను బెంచీలు వేసి తోటలుగా తెరవాలని వాదించింది. 1887లో సదర్క్ ప్రాంతంలో కాలిపోయిన కాగితం ఫ్యాక్టరీ స్థలంలో రెడ్ క్రాస్ గార్డెన్ తయారైంది. అది నేటికీ ఉంది. 1889లో పార్లమెంట్ హిల్ పొలాలు ప్రజలవి కావడంలోనూ ఆమె కృషి ఉంది.

నాకు ఆమె ఆలోచనలో నచ్చింది ఏమిటంటే, జాగాలను వాడుకను బట్టి చూడటం. కూర్చోవడానికి ఒకటి, ఆడుకోవడానికి ఒకటి, నడవడానికి ఒకటి, రోజంతా గడపడానికి ఒకటి. మొదటి రెండూ ఇంటి పక్కనే ఉండాలి. చంటిపిల్లలున్న తల్లి, ముసలివాళ్ళు దూరం వెళ్ళలేరు కదా. మన బెంగళూరులో లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఉన్నాయని గొప్పగా చెప్పుకుంటాం. మా ఇంటి నుంచి లాల్‌బాగ్‌కి రెండు బస్సులు మారాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మమ్మకు ఆ పార్కు ఉన్నట్టా, లేనట్టా?

1895లో రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీలతో కలిసి ఆమె నేషనల్ ట్రస్టును స్థాపించింది. అందమైన చోట్లు అమ్ముడుపోకుండా అందరి కోసం కాపాడటం దాని పని. మొదటి భూమి వేల్స్‌లో సముద్రం మీదుగా ఉన్న ఒక కొండవాలు, ఫ్యానీ టాల్బట్ అనే ఆవిడ దానంగా ఇచ్చింది.

ఒక్క విషయంలో నేను ఆమెతో ఏకీభవించను. ఇంత పని చేసిన మనిషి స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు వద్దంది. స్త్రీల సేవ వేరే రంగాల్లో ఉందని ఆమె నమ్మకం. కానీ ఏ పొలం ప్లాట్లవ్వాలి, ఏది తోట కావాలి అని చివరికి తేల్చేది చట్టం చేసేవాళ్ళే. ఓటు లేకపోతే ఆ మాట మన చేతిలో ఎలా ఉంటుంది?

1912 ఆగస్టు 13న ఆమె చనిపోయింది. కెంట్‌లోని క్రాకమ్ హిల్ అనే పల్లెలో సమాధి చేశారు.

మీ ఇంటి నుంచి ఎన్ని నిమిషాలు నడిస్తే టికెట్ లేకుండా చెట్టు కింద కూర్చోవచ్చు? ఈ వ్యాసం పక్కనే ఖాళీ కాగితం అంటించాను. మీ ఏరియా పేరు, నిమిషాలు రాయండి. మేడమ్స్ కూడా రాయాలి!