పేరు పోయింది... మళ్లీ వినిపించింది!

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మనకో సామెత ఉంది. పేరుకూ మనిషికీ పొంతన ఉండదని దాని అర్థం. కానీ ఎక్కడో ఒకచోట అచ్చుగుద్దినట్టు అతికిపోయే పేర్లూ ఉంటాయి. అలాంటి పేరే ఒకటి కార్ల చరిత్రలో ఉంది. ఆ పేరున్న మనిషి దాన్ని కోర్టులో పోగొట్టుకున్నాడు. పోయిన పేరునే వేరే భాషలో తిరిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడది మన హైదరాబాద్ రోడ్ల మీదా తిరుగుతోంది.

నాలుగు రింగుల లోగోతో వెళ్లే ఆడి కారును మీరు చూసే ఉంటారు. ఆడియో, ఆడిషన్, ఆడిటోరియం... ఈ మాటలన్నీ ఏ లాటిన్ పదం నుంచి పుట్టాయో ఆడి కూడా అందులోంచే పుట్టింది. లాటిన్‌లో ఆడి అంటే విను అని. కారుకు ఆ పేరేంటి అనుకుంటున్నారా? దాని వెనక ఓ కమ్మరి కొడుకు జీవితం ఉంది. అతని పేరు ఆగస్ట్ హోర్ష్.

కొలిమి దగ్గర మొదలు

హోర్ష్ 1868 అక్టోబరు 12న పుట్టాడు. పేరేమో ఆగస్ట్, పుట్టింది అక్టోబర్లో! జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోటల మధ్య ఉన్న వినింగెన్ అనే ఊరు వాళ్లది. తండ్రి కమ్మరి. కొడుకూ ఆ కొలిమి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఎర్రగా కాలిన ఇనుముని ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో పుస్తకం చెప్పదు. రంగు చూసి, సుత్తి దెబ్బకు వచ్చే శబ్దం విని తెలుసుకోవాల్సిందే.

అప్పట్లో జర్మనీలో పని నేర్చిన కుర్రాళ్లు సొంతూరు వదిలి, ఊరూరా తిరుగుతూ పని చేసుకునే ఆచారం ఉండేది. హోర్ష్ కూడా మూట కట్టుకుని బయల్దేరాడు. ఆస్ట్రియా-హంగరీ, బాల్కన్ ప్రాంతాల దాకా వెళ్లాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అదంతా ఇంటర్న్‌షిప్. కాకపోతే నెల తిరిగేసరికి చేతికొచ్చే సర్టిఫికెట్ ఉండదు.

తిరిగి తిరిగి అతనికి ఒక సంగతి అర్థమైంది. చేతిపని ఎంత వచ్చినా, దాని వెనక లెక్క తెలియకపోతే ఒక స్థాయి దగ్గర ఆగిపోతాం. అందుకే 1888లో, ఇరవై ఏళ్లకు దగ్గరపడ్డాక, శాక్సనీలోని మిట్‌వైడా టెక్నికల్ కాలేజీలో ఇంజినీరింగ్ విద్యార్థిగా చేరాడు. కొలిమి నుంచి వచ్చినవాడికి డ్రాయింగ్ బోర్డు కొత్త. అయినా 1891 నాటికి చదువు ముగించుకుని, ఇంజిన్లు తయారుచేసే చోట ఉద్యోగాల్లో చేరాడు.

బెంజ్ దగ్గర మూడేళ్లు

1896లో మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. పదేళ్ల కిందటే, 1886లో, పెట్రోలు ఇంజిన్ కారుకు పేటెంట్ తీసుకున్న మనిషి బెంజ్. ఇక్కడో తమాషా ఉంది. జర్మన్లు పెట్రోలును బెంజీన్ అంటారు. బెంజ్ పేరు మీదే ఆ మాట వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి బెంజ్ పుట్టింది 1844లో. ఆ మాటను ఒక రసాయన శాస్త్రవేత్త 1830లలోనే పెట్టేశాడు. అంటే పెట్రోలు కారు కనిపెట్టినవాడి ఇంటిపేరు పెట్రోలు పేరుతో కలవడం అచ్చంగా కాకతాళీయమే!

హోర్ష్ కొద్దికాలంలోనే అక్కడ కార్ల తయారీ విభాగానికి పెద్ద అయ్యాడు. ఏ బండి ఎక్కడ మొరాయిస్తుందో, ఏ భాగం ముందు అరుగుతుందో రోజూ చూస్తున్నాడు. మార్చాల్సినవి చాలా కనిపించాయి. బెంజ్‌కు మాత్రం తొందరపడి మార్పులు చేయడం ఇష్టం ఉండదు. నడుస్తున్న బండిని ఎందుకు కదపాలన్నది ఆయన ధోరణి. పేరున్న కంపెనీ, మంచి హోదా, నెలనెలా జీతం. ఇంకెవరైనా అయితే అక్కడే ఉండిపోయేవాళ్లు. హోర్ష్ బయటికొచ్చేశాడు.

గుర్రపుశాలలో స్టార్టప్

1899 నవంబరు 14న కొలోన్ నగరంలోని ఎహ్రెన్‌ఫెల్డ్‌లో, ఒకప్పటి గుర్రపుశాలలో తన కంపెనీ తెరిచాడు. ఒక బట్టల వ్యాపారి పెట్టుబడి పెట్టాడు. కంపెనీకి పెట్టింది తన ఇంటిపేరే. 1901లో మొదటి కారు రోడ్డెక్కింది.

అసలు విషయం ఏంటంటే, జర్మన్ భాషలో హోర్ష్ అంటే ఆలకించు అని. ఆ పేరున్న ఇంజినీరు ముందుగా పట్టించుకున్నది కూడా చప్పుడునే! ఆనాటి కార్లు గడగడలాడుతూ, దడదడలాడుతూ వెళ్లేవి. ఇంజిన్‌లోని కుదుపు సీటు దాకా వచ్చేది. ఆ అదురును తగ్గించే ఇంజిన్ తయారుచేయడమే అతని తొలి ప్రయత్నం. ఇంజిన్ శక్తిని చక్రాలకు చేరవేయడానికి చాలామంది బెల్టులు, చైన్లు వాడుతుంటే అతను షాఫ్ట్ వాడాడు. గేర్లకు క్రోమ్-నికెల్ స్టీలు, ఇంజిన్ కింది పెట్టెకు తేలికైన అల్యూమినియం మిశ్రమం తెచ్చాడు. ఇనుము స్వభావం చిన్నప్పుడే చేతికి తెలిసినవాడు కదా.

డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. పెట్టుబడి వెతుక్కుంటూ 1902లో రైషెన్‌బాఖ్‌కు, 1904లో స్వికావ్‌కు మకాం మార్చాడు. స్వికావ్‌లో కంపెనీని వాటాదారుల సంస్థగా మార్చారు. డబ్బు వచ్చింది. దాంతోపాటే డైరెక్టర్లు, పర్యవేక్షక మండలి, లెక్కలు అడిగేవాళ్లూ వచ్చారు. ఇక నుంచి హోర్ష్ అనే పేరు గోడ మీద అతనిదే, కాగితాల్లో కంపెనీది. ఆ తేడా ఎంత పెద్దదో అతనికి అప్పటికి తెలియలేదు.

సొంత ఇంట్లో పరాయివాడు

1906లో హెర్కోమర్ పోటీలో హోర్ష్ కారు గెలిచింది. పెద్ద పెద్ద ఇంజిన్ల మధ్య ఓ చిన్న ఇంజిన్ బండి నెగ్గడంతో కంపెనీ పేరు మోగిపోయింది. ఆ ఊపులో హోర్ష్ ఆరు సిలిండర్ల కారుకు దిగాడు. అది అనుకున్నట్టు రాలేదు. తర్వాతి పోటీల్లోనూ ఆశించిన ఫలితం దక్కలేదు. ఖర్చు మాత్రం పెరిగిపోయింది.

ఇంకేముంది, గొడవలు మొదలయ్యాయి. పోటీలకు ఇంత ఎందుకు, కొత్త డిజైన్లకు అంత ఎందుకని లెక్కలు చూసేవాళ్లు. కారు బాగుంటే డబ్బు అదే వస్తుందని హోర్ష్. ఇందులో ఒక్కరిదే తప్పనడం కష్టం. వాళ్లు ఇంజినీరు మాట వినలేదు. ఆలకించు అనే పేరున్న మనిషి కూడా లెక్కల మాట సరిగా వినలేదు. విచిత్రం చూడండి, ఆడిట్ అనే మాటకు కూడా మూలం వినడమే! పూర్వం లెక్కలను చదివి వినిపించేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

1909లో హోర్ష్ తన కంపెనీ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. అప్పటికి వయసు నలభై. పదేళ్ల కష్టం, తన పేరున్న ఫ్యాక్టరీ, తను నేర్పిన పనివాళ్లు అన్నీ గేటు లోపలే ఉండిపోయాయి. తను మాత్రం గేటు బయట.

కోర్టు తీర్పు

అతను ఎక్కువ రోజులు కూర్చోలేదు. మిత్రులు డబ్బు సర్దారు. జులై 16న అదే స్వికావ్‌లో రెండో కంపెనీ పెట్టాడు. దానికీ మళ్లీ తన పేరే పెట్టుకున్నాడు. నా పేరు నేను పెట్టుకుంటే ఎవరేమంటారన్న ధీమా. పాత కంపెనీ కోర్టుకెక్కింది. హోర్ష్ అనేది తమ ట్రేడ్‌మార్క్ అని వాదించింది. తీర్పు పాత కంపెనీకే అనుకూలంగా వచ్చింది. అంటే తాను తయారుచేసే కారు మీద తన సొంత ఇంటిపేరు వేసుకునే హక్కు అతనికి లేదు.

ఒక్కసారి ఊహించుకోండి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాం. కంపెనీ పోతే ఇంకోటి పెడతాం. తండ్రి నుంచి వచ్చిన పేరే పోతే?

కొత్త పేరు కోసం ఫ్రాంజ్ ఫికెంచర్ అనే మిత్రుడి ఇంట్లో సమావేశమయ్యారు. ఎన్నో పేర్లు అనుకున్నారు, ఏదీ నచ్చలేదు. అదే గదిలో ఓ మూల ఫికెంచర్ కొడుకు హైన్రిష్ తన లాటిన్ పాఠం చదువుకుంటున్నాడు. పెద్దవాళ్ల మాటలు ఆ పిల్లాడి చెవిన పడుతూనే ఉన్నాయి. చివరికి ఉండబట్టలేక ఒక మాట అన్నాడు. హోర్ష్ అన్న మాటనే లాటిన్‌లోకి మారిస్తే ఆడి అవుతుంది కదా, అదే పెట్టుకోవచ్చు కదా అని. అర్థం అదే, పేరు వేరు. ఏ కోర్టూ కాదనలేదు. పెద్దవాళ్లంతా ఎగిరి గంతేశారు. 1910 ఏప్రిల్ 25న కొత్త పేరు రిజిస్టరైంది.

పిల్లలు పెద్దల మాటల్లో తలదూర్చకూడదని ఆ రోజు ఎవరైనా గద్దించి ఉంటే? ఆలకించు అనే పేరున్న మనిషి ఓ బడిపిల్లాడి మాట ఆలకించాడు. దాంతో కథ మారిపోయింది.

ఆల్ప్స్ కొండల మీద జవాబు

పేరు దొరికింది. ఇప్పుడు దాన్ని జనం నమ్మాలి. దానికి హోర్ష్ ఎంచుకున్న దారి ఆస్ట్రియాలోని ఆల్పైన్ ర్యాలీ. నిటారు ఎక్కుళ్లు, మలుపులు, రాళ్ల దారులు. బండి ఎంత వేగంగా వెళ్లిందన్న దానికన్నా ఎంత దూరం చెడిపోకుండా తట్టుకుందన్నదే అక్కడ లెక్క. 1911లో కంపెనీ యజమాని హోదాలో ఉండి కూడా తనే స్టీరింగ్ పట్టాడు. ఒక్క పెనాల్టీ పాయింటు పడకుండా పూర్తిచేశాడు. 1912, 1913, 1914ల్లో ఆడి జట్లు వరసగా గెలిచాయి. ఆడి సి మోడల్‌కు ఆల్ప్స్ విజేత అనే పేరే స్థిరపడింది. కోర్టులో ఓడిన మనిషి కొండ మీద గెలిచాడు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1920లో అతను ఆడి నిర్వహణ నుంచి తప్పుకుని బెర్లిన్ వెళ్లాడు. ఆటోమొబైల్ రంగంలో నిపుణుడిగా సలహాలిచ్చే పనిలో స్థిరపడ్డాడు. 1922లో బ్రౌన్‌ష్వైగ్ టెక్నికల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కొలిమి నుంచి డాక్టరేట్ దాకా వచ్చిన దారి అది.

అటు అతని పేరు దక్కించుకున్న పాత కంపెనీ ఊరికే లేదు. 1926లో ఎనిమిది సిలిండర్ల కారు తెచ్చి, జర్మనీలో విలాసవంతమైన కార్లకు చిరునామాగా మారింది. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్లు ఛాసిస్ కొనుక్కుని, పైబాడీని మనం టైలర్ దగ్గర సూటు కుట్టించుకున్నట్టు తమకు కావాల్సిన తీరులో చేయించుకునేవారు. డ్రెస్డెన్‌లో గ్లేజర్, బెర్లిన్‌లో ఎర్డ్‌మన్ అండ్ రోసి అలాంటి పనికి పేరుమోసిన బాడీ తయారీ సంస్థలు. అలా తయారైన హోర్ష్ 853 కార్లు ఇప్పటికీ క్లాసిక్ కార్ల ప్రియులకు కంటి వెలుగు. అమెరికాలో పెబుల్ బీచ్ అనే చోట జరిగే ప్రసిద్ధ పాతకార్ల ప్రదర్శనలో 2004లోనూ, 2009లోనూ మొదటి బహుమతి హోర్ష్ కార్లకే దక్కింది.

రెండు పేర్లు, ఒకే గొడుగు

ఆర్థిక మాంద్యం దెబ్బకు 1932లో నాలుగు జర్మన్ కంపెనీలు కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్. లోగోలోని నాలుగు రింగులు ఆ నాలుగింటివే. ఒకప్పుడు కోర్టులో కొట్టుకున్న రెండు కంపెనీలు పక్కపక్కనే రెండు రింగులయ్యాయి. హోర్ష్‌కు కొత్త సంస్థ పర్యవేక్షక మండలిలో చోటిచ్చారు. పోయిన ఇంటిపేరూ, దాని అనువాదమూ ఒకే గూటికి చేరాయి.

అయితే ఆ సంస్థ చరిత్రలో చెరగని మచ్చ కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆటో యూనియన్ యుద్ధ సామగ్రి తయారుచేసింది. కాన్సెంట్రేషన్ క్యాంపుల ఖైదీలతోనూ, నిర్బంధ కూలీలతోనూ పని చేయించుకుంది. నాలుగు రింగుల కథ చెప్పేటప్పుడు దీన్ని దాటేసి పోలేం.

యుద్ధం ముగిశాక స్వికావ్ సోవియట్ సేనల చేతిలోకి వెళ్లింది. హోర్ష్ ఆ ఊరు వదిలి బవేరియా చేరాడు. 1951 ఫిబ్రవరి 3న ముంచ్‌బెర్గ్‌లో, 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తను పుట్టిన వినింగెన్‌లోనే అతని సమాధి ఉంది. అతను పోయేనాటికి ఆడి పేరుతో కొత్త కార్లు రావడం లేదు. 1965లో ఆ పేరు మళ్లీ రోడ్డెక్కింది. స్వికావ్‌లో పాత ఆడి ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడో మ్యూజియం ఉంది. దాని పేరు ఆగస్ట్ హోర్ష్ మ్యూజియం. కోర్టు వద్దన్న పేరే ఇప్పుడా గుమ్మం మీద ఉంది.

మన సంగతి

స్టార్టప్ పెడదామనుకుంటున్న మిత్రులు ఇందులో కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోవాలి. పెట్టుబడి తీసుకునేటప్పుడు కంపెనీ పేరు ఎవరి సొత్తు అవుతుందో, మీ వాటా ఎంత మిగులుతుందో సంతకానికి ముందే చదవండి. పని ఎంత బాగా వచ్చినా, లెక్కలు చూసేవాళ్ల మాట వినే అలవాటు చేసుకోండి. మీకన్నా చిన్నవాళ్లు మూలన కూర్చుని ఏదైనా చెబితే కొట్టిపారేయకండి.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. హోర్ష్ దగ్గర్నుంచి కంపెనీ తీసుకున్నారు, ఫ్యాక్టరీ తీసుకున్నారు, పేరూ తీసుకున్నారు. కొలిమి దగ్గర చేతికి అబ్బిన పనితనాన్ని మాత్రం ఎవరూ తీసుకోలేకపోయారు. రెండోసారి లేచి నిలబడటానికి అతనికి మిగిలిన పెట్టుబడి అదే. ఈసారి నాలుగు రింగుల కారు మీ పక్కనుంచి వెళ్తే ఆ కమ్మరి కొడుకును ఒక్క క్షణం తలుచుకోండి.